షవర్‌లో వేడినీళ్ళు రాకపోతే ముందు విప్పాల్సింది షవర్ తల, గీజర్ కాదు

ప్రశ్న అడిగినవారిది విజయనగరం. బకెట్ కుళాయిలో వేడినీళ్ళు పొగలు కక్కుతూ వస్తున్నాయి, నాబ్ తిప్పి షవర్‌కి పెడితే మాత్రం చన్నీళ్ళే పడుతున్నాయి, 15 లీటర్ల గీజర్ తీసేసి 25 లీటర్లది పెట్టించమంటారా అని అడిగారు. వద్దండి. బకెట్‌లోకి వేడినీళ్ళు వస్తున్నాయంటే గీజర్ తన పని తాను చేస్తోంది. కొత్తది పెట్టించినా అవే చన్నీళ్ళు పడతాయి.

వేడి, చల్ల నాబులూ బకెట్ కుళాయీ షవర్ దారీ ఒకచోటే ఉండే ఆ గోడ కుళాయిని వాల్ మిక్సర్ అంటారు. దాని లోపల వేడి, చల్ల రెండు దార్లూ ఒక చిన్న గదిలో కలుస్తాయి. బకెట్ కుళాయి మూతి వెడల్పు కాబట్టి ఆ గదిలో నీరు నిలవదు, రెండు వైపుల నుంచీ వచ్చింది వచ్చినట్టే పోతుంది. షవర్‌కి తిప్పగానే అదే నీరు నాలుగైదు అడుగులు పైకెక్కి, సన్నటి చిల్లుల్లోంచి బయటపడాలి. చిల్లులు పూడుకుపోయి ఉంటే గదిలో ఒత్తిడి పెరుగుతుంది. చన్నీళ్ళు ట్యాంకు నుంచి తిన్నగా వస్తాయి. వేడినీళ్ళేమో యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీళ్ళు ఆపే చిన్న కుళాయి), ఎన్నార్వీ (నీళ్ళని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు), గీజర్, దాని కింద రెండు కనెక్షన్ పైపులు, ఇన్ని దాటుకుని బలమంతా దారిలోనే పోగొట్టుకుని వస్తాయి. అందుకే ఆ గదిలో చన్నీళ్ళదే పైచేయి అవుతుంది, వేడినీళ్ళు వెనకే ఆగిపోతాయి.

కాబట్టి మొదట షవర్ తల విప్పండి. నట్టుకి గుడ్డ చుట్టి స్పానర్ పెడితే పూత గీసుకుపోదు. తల లేకుండా ఉత్త గొట్టంలోంచి వేడినీళ్ళు వదిలి చూడండి. వేడిగా వస్తే దోషం తలదే. బోరు నీళ్ళ ఇళ్ళల్లో ఆ చిల్లుల చుట్టూ తెల్లటి సున్నప్పొర గట్టిగా పట్టి ఉంటుంది. నట్టు వెనక ఉండే చిన్న జాలీలో ఇసుక, ట్యాంకు పాచి చేరి ఉంటాయి. తెల్ల వెనిగర్, గోరువెచ్చని నీళ్ళు సగం సగం కలిపి, తలని గంటసేపు అందులో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. రబ్బరు మొటిమలున్న తలైతే వేలితో నలిపినా పొర రాలిపోతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడకండి, క్రోమ్ పూత లేచిపోతుంది.

తల విప్పినా చల్లగానే వస్తే, చూడాల్సింది మిక్సర్‌కి ఎడమ వైపు. మిక్సర్ గోడలోకి 6 అంగుళాల ఎడంలో రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, ఎడమది వేడి, కుడిది చల్ల. గీజర్ స్విచ్ ఆపి, ట్యాంకు గేట్ వాల్వు కట్టి, ఎడమ కాలు నట్టు విప్పండి. అక్కడ జాలీ ఉంటే అది పూడుకుపోయి ఉండొచ్చు. కొత్త ఇళ్ళల్లో ఇసుకతో పాటు సీపీవీసీ (వేడినీళ్ళకి వేసే ప్లాస్టిక్) పైపులు అతికించిన గమ్ము ఎండి రేకుల్లా ఊడి అక్కడే ఇరుక్కుంటుంది. జాయింటుకి గమ్ము ఎక్కువ పూస్తే అరంగుళం పైపు లోపలే ముద్దకట్టి, సగం దారి మూసేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. కాలు కూడా విప్పి ఉంటే, తిరిగి బిగించేటప్పుడు గోడలోకి వెళ్ళే మరకి టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు, మర తిరిగే వైపే చుట్టాలి.

ఇక గట్టి పరీక్ష ఒకటుంది, ఇది చెయ్యకుండా ఎవరి మాట మీదా డబ్బు ఖర్చుపెట్టకండి. గీజర్ స్విచ్ ఆపండి. గీజర్‌లోకి నీళ్ళు వెళ్ళే యాంగిల్ కాక్, నీలం రింగు వైపుది, పూర్తిగా కట్టేయండి. ఇప్పుడు మిక్సర్‌లో వేడి నాబ్ ఒక్కటే తిప్పండి. కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధార వస్తూనే ఉంటే, చన్నీళ్ళు ఎక్కడో దొంగదారిన వేడి పైపులోకి దూరుతున్నాయన్నమాట. ఆ దారి ఈ మిక్సర్‌లోని అరిగిపోయిన స్పిండిల్ (నాబ్ వెనక తిరుగుతూ నీళ్ళు ఆపే భాగం) కావచ్చు. పక్క బాత్‌రూమ్‌లో చేతి షవర్‌ని బటన్‌తో ఆపి, నాబులు రెండూ తెరిచి వదిలేసిన మిక్సర్ కావచ్చు. ఒక్కో మిక్సర్ కట్టుకుంటూ వెళ్తే ధార ఎక్కడ ఆగిందో అదే దొంగ. స్పిండిల్ మార్చడం చిన్న పని. చన్నీళ్ళ లైను ప్రెషర్ పంపు నుంచి, గీజర్ లైను మామూలు ట్యాంకు నుంచి వస్తుంటే ఈ రోగం మళ్ళీ మళ్ళీ వస్తుంది. అప్పుడు రెండూ ఒకే లైను నుంచి తీయాలి.

శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస వెళ్ళే దారిలో ఒక డాబా ఇంట్లో చూసిన సంగతి చెప్తాను, ఇది చాలా ఇళ్ళకి సరిపోతుంది. శ్లాబు మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, కింద రెండు వరసల ఇటుకలు, అంతే. షవరేమో 8 అంగుళాల పలకది, వానలా పడాలని పెట్టించుకున్నారు. అప్పటికే ఒకసారి గీజర్ మార్చారు. అయినా షవర్‌లోంచి నీళ్ళు చుక్కలుగా, చల్లగా. ఆ ఇంటి పెద్దావిడ "ఈ గీజరేటో గానీ, పొయ్యి మీద కాగు పెట్టుకున్నదే నయం బాబూ" అంటూ వంటింట్లోంచి బకెట్ మోస్తోంది. ట్యాంకు అడుగు నుంచి షవర్ తలకి ఎత్తు తేడా నాలుగడుగులు. అంటే ఒత్తిడి సుమారు 0.12 బార్. గీజర్ ఎన్నార్వీలో స్ప్రింగు నెట్టుకుని, గీజర్ దాటి, మళ్ళీ షవర్ దాకా ఎక్కడానికి ఆ బలం చాలదు. కుళాయి మూతి షవర్ కన్నా నాలుగున్నర అడుగుల కింద ఉంది కాబట్టి అక్కడికి రెట్టింపు పైనే బలం, అందుకే బకెట్‌లోకి వేడిగా వచ్చింది. మందు గీజర్ దగ్గర లేదు, డాబా మీద ఉంది. ట్యాంకుని ఇంకో నాలుగడుగులు ఎత్తారు, పలక షవర్ తీసి మామూలు 4 అంగుళాలది పెట్టారు. ఎత్తేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, దిమ్మలు కింద బీములూ స్తంభాలూ ఉన్నచోటే కట్టాలి, శ్లాబు నడిమధ్యన కాదు.

ఒత్తిడి చాలడం లేదని కొందరు ఎన్నార్వీనే పీకేస్తారు. అది ప్రమాదం. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజర్‌లోని నీళ్ళు వెనక్కి జారిపోయి, నీళ్ళు కాచే ఎలిమెంట్ ఉత్తిగా మాడుతుంది. పైగా ఎక్కువైన ఒత్తిడిని బయటికి వదిలేది కూడా చాలా గీజర్లలో ఆ వాల్వే. విప్పి కడిగి పెట్టండి, పాడైతే కొత్తది వేయండి.

కుళాయిలోనూ చల్లగానే వస్తుంటే అది వేరే లెక్క. ఎలక్ట్రీషియన్ చేత ఎలిమెంట్ రెసిస్టెన్స్ చూపించండి, 2000 వాట్లదైతే 26 ఓమ్‌ల దగ్గర ఉండాలి. అది బాగుంటే, వేడి చాలినప్పుడు కరెంటు ఆపే థర్మోస్టాట్, వేడి మితిమీరితే ఆపే కటౌట్ చూపించండి. కటౌట్ మాటిమాటికీ పడిపోతుంటే థర్మోస్టాట్ మార్చాలి గానీ, కటౌట్‌ని వైరుతో డైరెక్ట్ చేయనివ్వకండి. ముందు వేడిగా వచ్చి నిమిషంలో చల్లబడుతుంటే మీది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ అయి ఉంటుంది. 3 కిలోవాట్లు నిమిషానికి రెండు లీటర్ల నీటిని 20 డిగ్రీలు పెంచగలవు, షవర్ అంతకు మూడు నాలుగు రెట్లు తాగుతుంది. అది వంటింటికి సరిపోతుంది, షవర్‌కి కాదు. పల్లెల్లో ఓల్టేజి 180కి పడిపోతే 2000 వాట్ల గీజర్ 1200 వాట్ల పనే చేస్తుంది, 15 లీటర్లు కాగడానికి 18 నిమిషాలు పట్టేది అరగంట పడుతుంది. ఓపిక పట్టడమే, రిపేరు అక్కర్లేదు.

నన్నడిగితే అసలు తప్పు ఇల్లు కట్టేటప్పుడే జరుగుతోంది. టైల్స్‌కి లక్షలు పోస్తారు, టైల్స్ వెనక వేడినీళ్ళ పైపు దగ్గర పొదుపు చేస్తారు. ట్యాంకు నుంచి బాత్‌రూమ్ దాకా అంగుళం పైపు, గీజర్‌కి వెళ్ళేదీ వచ్చేదీ ముప్పావంగుళం సీపీవీసీ వేస్తే ఈ ప్రశ్నే రాదు. అరంగుళం అన్నది మిక్సర్ కాలి దగ్గర చివరి అడుగుకే ఉండాలి. ఇల్లు ఇంకా కట్టుకుంటున్నవాళ్ళు టైల్స్ అతికించే ముందే షవర్ తల లేకుండా, వేడి లైను ఒక్కటే తెరిచి బకెట్ నింపించి చూడండి. తర్వాత చన్నీళ్ళ లైనుతో అదే బకెట్. వేడి లైనుకి రెట్టింపు సమయం పడితే జాయింట్లలో గమ్ము అడ్డుపడినట్టే, ఆ ముక్క అప్పుడే కోసి మార్పించండి.