రైట్ రైట్: పాఠకుల ప్రశ్నలకు మాజీ కండక్టర్ జవాబులు

ప్రశ్న: సార్, నాకు 31 ఏళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి 2018లో హైదరాబాద్ అశోక్ నగర్ వచ్చాను. అప్పటి నుంచి హాస్టల్లో ఒక గదిలో ముగ్గురం ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్నాం. మొన్నటి గ్రూప్-2లో నాకు 600కి 331 వచ్చాయి. ఉద్యోగం రాలేదు. నాన్న దుబాయ్ నుంచి వచ్చేసి ఇంట్లోనే ఉంటున్నారు. అమ్మ బీడీలు చేసి నెలనెలా డబ్బు పంపుతుంది. పండక్కి ఊరికి పోవాలంటే భయం. పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. పొద్దున్నే మోటివేషన్ వీడియోలు చూస్తాను. గంటసేపు ఊపు ఉంటుంది, తర్వాత మామూలే. నాలో మళ్ళీ కసి పుట్టేలా నాలుగు మాటలు చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ఆ నాలుగు మాటలు నేను చెప్పను. నేను కండక్టర్‌గా ఉన్న రోజుల్లో మాకు ఒక పాత బస్సు తగిలింది. దాని బ్యాటరీ ఎప్పుడూ డౌనే. పొద్దున్నే ప్రయాణికులను దింపి తోయిస్తే స్టార్ట్ అయ్యేది. ఆ తర్వాత వేములవాడలో టీకి ఆపాలన్నా డ్రైవర్‌కి భయమే. ఇంజన్ ఆపితే మళ్ళీ జనాన్ని బతిమాలాలి. నువ్వు పొద్దున్నే చూసే వీడియోలు ఆ తోపుడు లాంటివే. నేను కూడా ఒక చెయ్యి వేసి తోస్తే నీకు హాయిగానే ఉంటుంది, రేపు మళ్ళీ ఉత్తరం రాస్తావు.

నీ ఉత్తరంలో 331 అని రాశావు. నాలుగు పేపర్లలో ఏది ముంచిందో రాయలేదు. జనరల్ స్టడీసా, హిస్టరీ-పాలిటీనా, ఎకానమీనా, తెలంగాణ ఉద్యమం పేపరా? ఒక్కోటి 150 మార్కులు. అది నీకు ఠక్కున నోటికి రావడం లేదంటే, ఫలితం చూసుకుని బాధపడ్డావు తప్ప ఎక్కడ పోయిందో వెతకలేదన్నమాట.

టికెట్ మెషిన్లు రాకముందు మాకు ఎస్సార్ అని ఒక షీట్ ఉండేది. స్టేజీ స్టేజీకీ ఏ రేటు టికెట్ ఏ నంబరు దాకా తెగిందో అందులో రాసుకోవాలి. జనం కిటకిటలాడుతున్నారు, చివర్లో ఒకేసారి రాద్దాంలే అనుకుంటే, సరిగ్గా ఆ రోజే మధ్య దారిలో చెకింగ్ వాళ్ళు ఎక్కుతారు. ఇంక మన మాట ఎవరు వింటారు? నువ్వు 2018 నుంచి ఎస్సార్ రాయకుండా బండి నడిపావు. అందుకే ఎంత చదివావో, ఎక్కడ జారిందో నీకే తెలియదు.

15 రోజులు నువ్వూ ఒకటి రాయి. గంటకోసారి ఒక్క లైను: ఏం చదివాను, ఎన్ని పేజీలు, ఫోన్ ఎన్నిసార్లు పట్టాను. ఎవరికీ చూపించక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి చిక్కడపల్లి లైబ్రరీలో రోజుకు 11 గంటలు ఉండేవాడు. షీట్ రాసి చూస్తే చదివింది 4 గంటలు. మిగతాదంతా టీ కొట్టు, నోటిఫికేషన్ ఎప్పుడన్న కబుర్లు, ఎవరి మెటీరియల్ మంచిదన్న వాదనలు, సీటు పోకుండా బ్యాగు పెట్టి కాపలా. వాడు బద్ధకస్తుడేం కాదు. పొద్దున ఏడింటికి లైబ్రరీ గేటు దగ్గర ఉన్నాడు కాబట్టి చదువుతున్నానే అనుకున్నాడు. బస్టాండులో నిలబడ్డంత మాత్రాన ప్రయాణం చేసినట్టు కాదని వాడికి నేను చెప్పాల్సి వచ్చింది.

అలాగని తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. నీ గ్రూప్-2 సంగతే చూడు. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. నోటిఫికేషన్ నుంచి పరీక్ష దాకా రెండేళ్ళు! దరఖాస్తు పెట్టినవాళ్ళు ఐదున్నర లక్షల మంది, అంటే ఒక్కో పోస్టుకు దాదాపు 700 మంది. పరీక్ష రోజు వాళ్ళలో సగం మంది కూడా హాలుకు రాలేదు. నువ్వు వెళ్ళి నాలుగు పేపర్లూ రాశావు. ఆ రెండేళ్ళ వాయిదాలను నీ చేతకానితనం కింద రాసుకుంటే లెక్క తప్పుతుంది. అది వేరే కాలమ్‌లో రాయి.

ఇక ఊరికి పోవాలంటే భయం అన్నావు చూడు, అది నాకు బాగా తెలుసు. నేనూ బ్యాంకు పరీక్షలు ఐదుసార్లు రాసి, కొన్నాళ్ళకే అనుకుంటూ కండక్టర్‌గా చేరినవాణ్ణి. మొదటి మూడేళ్ళు ఊళ్ళో అడిగితే "డిపో ఆఫీసులో పని" అని చెప్పేవాణ్ణి. మా ఊరి వైపు డ్యూటీ పడితే ఇంకొకరితో మార్చుకునేవాణ్ణి. ఒకరోజు జగిత్యాల బస్టాండులో మా హైస్కూలు లెక్కల సారు నా బస్సే ఎక్కారు. నా భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ల కట్ట. దాక్కోవడానికి బస్సులో చోటెక్కడుంది? సారు నా మొహం చూశారు, డబ్బులు ఇచ్చారు, ధర్మపురికి టికెట్ తీసుకున్నారు. "సాయంత్రం తిరుగు బస్సు ఎన్నింటికిరా?" అని అడిగారు. అంతే. మూడేళ్ళు నేను భయపడిన సంభాషణ అది!

నీకు ఒక మాట గట్టిగానే చెప్తాను. 2024లో గరిష్ఠ వయసు 44 నుంచి 46కి పెంచారు. మంచిదే. కానీ దాన్ని చూపించి "నీకింకా 15 ఏళ్ళుందిరా" అనే స్నేహితుడితో టీ తాగడం తగ్గించు. అది సర్కారు గీసిన గీత, నీ గీత నువ్వే గీసుకోవాలి. ఇంకొక్క నోటిఫికేషన్ లేదా రెండేళ్ళు, ఏది ముందు అయిపోతే అక్కడితో ఆపు. ఆ తేదీ కాగితం మీద రాసి, నీ గదిలో ఇద్దరి చేత సంతకం పెట్టించు. వాళ్ళూ రాసుకుంటే ఇంకా మంచిది.

ఈలోగా సాయంత్రం రెండు గంటలు ట్యూషన్ చెప్పు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాడివి. ఆర్గానిక్ అంటే ఏడ్చే ఇంటర్ పిల్లలు నీ హాస్టల్ చుట్టూ ఉన్నారు. ప్రిపరేషన్ దెబ్బతింటుందని అంటావు, తెలుసు. ముందు ఆ 15 రోజుల షీట్ చూడు, ఆ రెండు గంటలు ఇప్పుడు ఎక్కడ పోతున్నాయో కనబడుతుంది. హాస్టల్ అద్దె మందం సంపాదించిన నెల అమ్మకు ఫోన్ చేసి "ఈ నెల పంపకే" అని చెప్పు. ఆ తర్వాత బస్సెక్కి ఊరికి పో. మార్కులు కూడా అమ్మకు చెప్పు. 331 ఎక్కువో తక్కువో ఆమెకు తెలియదు, నువ్వు దాచకుండా చెప్పావన్నది తెలుస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండ్ ఇయర్, విశాఖపట్నం. పొద్దున 5కి లేవడం ఎలా? ఎన్ని అలారాలు పెట్టినా లాభం లేదు.

జవాబు: రాత్రి పదింటికి ఫోన్ వంటింట్లో పెట్టి పడుకో తల్లీ. 5కి లేచి ఏం చేస్తావో మాత్రం నువ్వు రాయలేదు. అది తేలేదాకా ఏడింటికే లే.

ప్రశ్న: గురువుగారూ, తెనాలిలో చిన్న కిరాణా కొట్టు మాది. వయసు 52. అందరూ తెలిసినవాళ్ళే, అరువు అడిగితే కాదనలేను, బాకీ అడగాలంటే నోరు రాదు. ఖాతా పుస్తకంలో 83 వేలు ఉండిపోయాయి. అందులో 20 వేలు మా బావమరిదివే. ఈ మొహమాటం పోయే మార్గం చెప్పండి.

జవాబు: మొహమాటం మీద మనవాళ్ళ సామెత ఒకటుంది కానీ పత్రికలో రాయలేను. మీకు తెలిసే ఉంటుంది.

మొహమాటం పోవాలని కూర్చుంటే ఈ జన్మకు కాదు. అది ఉండగానే పని జరిగే ఏర్పాటు చేసుకోవాలి. చిల్లర లేనప్పుడు కండక్టర్లం టికెట్ వెనకాల ఇంత ఇవ్వాలి అని రాసిచ్చేవాళ్ళం. దిగేటప్పుడు ఆ మనిషి నోరు విప్పక్కర్లేదు, టికెట్ చూపిస్తే చాలు. మీరూ నెలాఖరున ఒక్కొక్కరి పేరు మీద చీటీ రాసి, సరుకుల సంచిలో పడేయండి. చీటీ మీద మొత్తం రాయండి, కింద "ఏ తేదీకి వీలవుతుంది?" అని ఒక్క ముక్క రాయండి. డబ్బు ఇస్తారా అని అడిగితే "చూద్దాంలే" అంటారు. తేదీ అడిగితే ఏదో ఒక తేదీ చెప్పక తప్పదు. చెప్పిన తేదీని వాళ్ళ కళ్ళెదుటే ఖాతా పుస్తకంలో రాసుకోండి.

కొత్త అరువుకి ఒక హద్దు పెట్టండి. వెయ్యి దాటితే పాతది కొంత జమ చేశాకే కొత్త సరుకు. ఈ మాట మీరు చెప్పలేరు కాబట్టి అట్ట మీద రాసి త్రాసు పక్కన వేలాడదీయండి. నలుగురు అలుగుతారు. ఇద్దరు మళ్ళీ వస్తారు. రానివాళ్ళు వేరే కొట్టులో అరువు పెడుతున్నారని లెక్క.

వేలల్లో బాకీ ఉన్నవాళ్ళ దగ్గర ముందు మొదలుపెట్టకండి. రెండు మూడు వందల వాళ్ళతో మొదలెట్టండి, మీ నోటికీ అలవాటు కావాలి కదా. ఆ బావమరిది చీటీ మాత్రం మీ ఆవిడకు చెప్పకుండా రాయకండి.