అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి ఉబుంటులో ఆప్ట్, డీపీకేజీ మొరాయిస్తే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: ఉబుంటు 22.04 డెస్క్‌టాప్, యూపీఎస్ లేదు, అప్‌గ్రేడ్ నడుస్తుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా డీపీకేజీ (ప్యాకేజీలను విప్పి పెట్టే ప్రోగ్రాం; ఆప్ట్ వాటిని నెట్ నుంచి తెచ్చి దానికి అందిస్తుంది) మధ్యలో ఆగిపోయిందని ఎర్రరు. అది చెప్పిన కమాండు కొడితే చివర్లో "ఎర్రర్ కోడ్ (1)". నెట్‌లో చూసి లాక్ ఫైళ్ళు తీసేశారు, ఫలితం లేదు. ఫార్మాట్ కొట్టి మళ్ళీ వేసుకోవాలా?

అక్కర్లేదు. డీపీకేజీ తను ఎంతవరకు వచ్చిందో అడుగడుగునా డిస్క్ మీద రాసుకుంటుంది కాబట్టి, డిస్క్ బాగుంటే దాదాపు ప్రతిసారీ ఆగినచోటి నుంచి ముందుకు నడిపించవచ్చు. ఆ కోడ్ 1 మాత్రం మీకేమీ చెప్పదు, "కింద ఎక్కడో ఏదో చెడింది" అని తప్ప. కారణం దానికి ఇరవై ముప్పై వరసల పైన ఉంటుంది. చాలామంది చివరి వరసను కాపీ చేసి వెతుకుతారు, వేరెవరికో వేరే కారణంతో వచ్చిన పరిష్కారాన్ని తమ మెషీన్ మీద ప్రయోగిస్తారు. పని చెడేది అక్కడే.

కమాండ్లు, ఫైళ్ళ దారులు తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోండి.

ముందు లాక్ సంగతి, ఎందుకంటే ఆ ఫైళ్ళు తీసేయమనడం ప్రమాదకరమైన సలహా. /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ అనే ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఉండాలి కూడా. ఫైలు ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. నడుస్తున్న ప్రోగ్రాం ఆ ఫైలు మీద కెర్నెల్ (వ్యవస్థ మూలభాగం) ద్వారా తాళం వేస్తుంది, ప్రోగ్రాం చచ్చిపోయిన క్షణమే ఆ తాళం ఊడిపోతుంది. కాబట్టి రీబూట్ తర్వాత "పాత లాక్ మిగిలిపోవడం" అనేది జరగదు. లాక్ దొరకట్లేదని ఎర్రరు వస్తే నిజంగానే ఎవరో పని చేస్తున్నట్టు. అలాంటప్పుడు ఫైలు చెరిపేస్తే రెండో డీపీకేజీ కొత్త ఫైలు మీద తాళం వేసుకుని మొదలవుతుంది. రెండూ ఒకేసారి ఒకే డేటాబేస్‌లో రాస్తాయి. ఎవరు పట్టుకున్నారో చూడాలంటే:

సుడో ఎల్ఎస్ఓఎఫ్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్

సాధారణంగా దొరికేది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్, లేకపోతే ప్యాకేజ్‌కిట్ (రెండూ వెనకాల అప్‌డేట్ల పని చూసేవే). పది పదిహేను నిమిషాలు వదిలేయండి, అదే ముగించుకుంటుంది. ఎంతకీ వదలకపోతే అది ఏదో ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చుందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ లైసెన్సు తెర ఇందులో పేరుమోసింది: ఎంటర్ కొడితే కదలదు, ట్యాబ్ కొట్టి ఓకే మీదికి వెళ్ళి అప్పుడు ఎంటర్ కొట్టాలి.

మీరు ఇప్పటికే తీసేసిన ఫైళ్ళ గురించి బెంగ వద్దు. ఆ సమయానికి వేరే ఏదీ నడవకపోతే అవి మళ్ళీ వాటంతట అవే పుడతాయి.

ఇప్పుడు అసలు పని. మరమ్మతుకు ముందు రెండు నిమిషాలు మూడు విషయాలకు కేటాయించండి. డిస్క్ బాగుందా: "సుడో డీఎంఈఎస్‌జీ" కొట్టి అందులో ఐ/ఓ ఎర్రర్ అనే వరసలు వెతకండి. ఉంటే ప్యాకేజీల జోలికి పోకుండా ముందు మీ ఫైళ్ళు వేరే డిస్క్‌కి ఎక్కించుకోండి. చోటు ఉందా: "డీఎఫ్ -హెచ్" తో రూట్ (/), బూట్ (/బూట్) రెండూ చూడండి, "డీఎఫ్ -ఐ" తో ఐనోడ్లు (ఇంకా ఎన్ని ఫైళ్ళు పెట్టవచ్చో చెప్పే లెక్క) కూడా. మూడోది నకలు:

సుడో సీపీ -ఎ /వార్/లిబ్/డీపీకేజీ /రూట్/డీపీకేజీ-నకలు

మీ మెషీన్‌లో ఏయే ప్యాకేజీలు ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే ఖాతా అంతా ఆ ఒక్క డైరెక్టరీలోనే ఉంది. కింద ఏ ప్రయోగం వికటించినా వెనక్కి రావడానికి ఇదే దారి.

తర్వాత ఈ రెండూ, ఇదే వరసలో:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

మొదటిది విప్పి పెట్టి కాన్ఫిగర్ చేయకుండా వదిలేసిన ప్యాకేజీలను పూర్తి చేస్తుంది. రెండోది వాటికి కావలసిన, ఇంకా దిగని ప్యాకేజీలను తెస్తుంది. ఒకదానికి ఒకటి అడ్డం పడుతుంటాయి కనుక రెండు మూడుసార్లు మార్చి మార్చి కొట్టాల్సి రావచ్చు. ప్రతిసారీ తప్పుల సంఖ్య తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. పెద్ద అప్‌గ్రేడ్ ఆగిపోతే "మరీ ఎక్కువ తప్పులు, ఆపేస్తున్నా" అని మొదటిది తప్పుకోవచ్చు. 50 తప్పులు దాటితే ఆగడం దాని అలవాటు. అప్పుడు కమాండులో --అబార్ట్-ఆఫ్టర్=999 చేర్చండి. రెండో కమాండు వై/ఎన్ అడిగినప్పుడు మాత్రం తొందరపడకండి. తీసేయబోయే ప్యాకేజీల జాబితా చదవండి. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, నెట్‌వర్క్-మేనేజర్ లాంటి పేర్లు కనిపిస్తే ఎన్ కొట్టి బయటికి రండి. 2021లో పాప్ ఓఎస్‌లో స్టీమ్ పెట్టబోయి డెస్క్‌టాప్ మొత్తాన్ని పోగొట్టుకున్న ఆ పేరుమోసిన వీడియోలో జరిగింది ఇదే. హెచ్చరిక తెర మీదే ఉంది, చదవలేదు.

ఇంకా కోడ్ 1 వస్తుంటే ఎక్కువ సందర్భాల్లో దోషం డీపీకేజీది కాదు. అది నడిపే చిన్న స్క్రిప్టుది. చాలా ప్యాకేజీలకు ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ అనే స్క్రిప్టు ఒకటి /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో లో ఉంటుంది. అది విఫలమైతే ఆ ప్యాకేజీ, దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా ఆగిపోతాయి. అందుకే పది పేర్లు కనిపించినా చెడింది ఒక్కటే అయి ఉంటుంది. మొట్టమొదట విఫలమైన పేరు పట్టుకోండి. తెర మీద జారిపోయి ఉంటే /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్ లో ఆప్ట్ నడిపినప్పటిది మొత్తం ఉంటుంది. స్క్రిప్టు ఏ వరసలో పడిపోతోందో తేలకపోతే "సుడో ఎస్‌హెచ్ -ఎక్స్" తర్వాత ఆ స్క్రిప్టు దారి, ఆపైన కాన్ఫిగర్ అనే మాట ఇచ్చి నడపండి (స్క్రిప్టు మొదటి వరసలో బాష్ అని ఉంటే ఎస్‌హెచ్ బదులు బాష్). నడిచిన ప్రతి వరసా తెర మీద కనిపిస్తుంది.

డెస్క్‌టాప్‌లలో పదే పదే తగిలే కారణాలు మూడు.

బూట్ నిండిపోవడం. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఇన్‌స్టాల్ చేసినవారికి /బూట్ వేరే చిన్న పార్టిషన్‌గా ఉంటుంది. పాత కెర్నెల్‌లు పేరుకుని కొత్త ఇనిట్‌ఆర్‌డీ ఫైలు (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునేది) రాయడానికి చోటుండదు. "ఆప్ట్ ఆటోరిమూవ్" కొడదామంటే, ముందు విరిగినవి బాగు చేయమని అదీ ఒప్పుకోదు. ఇక్కడ చేత్తోనే చోటు చేయాలి. "యునేమ్ -ఆర్" కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ సంఖ్య రాసుకోండి. /బూట్ లో దానిదీ, అన్నిటికన్నా కొత్తదానిదీ ముట్టుకోకుండా, బాగా పాత ఒక్క ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ ఫైలు చెరపండి. కాన్ఫిగర్ -ఎ మళ్ళీ కొట్టండి. అది పూర్తవగానే:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్

మీరు చెరిపిన ఫైలు తాలూకు కెర్నెల్ ప్యాకేజీ దీంతో వెళ్ళిందో లేదో చూసుకోండి, లేకుంటే పేరు పెట్టి పర్జ్ చేయండి. అలా వదిలేస్తే గ్రబ్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌ను ఎంచుకునే) మెనూలో బూట్ కాని ఎంట్రీ మిగిలిపోతుంది.

రెండోది డీకేఎంఎస్. ఎన్‌విడియా, వర్చువల్‌బాక్స్, బయటి నుంచి తెచ్చుకున్న వైఫై డ్రైవర్లు కెర్నెల్ మారినప్పుడల్లా మళ్ళీ కంపైల్ అవుతాయి. పాత డ్రైవర్ కొత్త కెర్నెల్‌తో కంపైల్ కాకపోతే నింద లినక్స్-హెడర్స్, లినక్స్-ఇమేజ్ ప్యాకేజీల మీద పడుతుంది. వాటిని ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా ప్రయోజనం ఉండదు. "డీకేఎంఎస్ స్టేటస్" తో మాడ్యూల్ పేరు తెలుసుకుని, /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద దాని బిల్డ్ డైరెక్టరీలో మేక్.లాగ్ చదవండి. ఆ డ్రైవర్‌కి కొత్త వెర్షన్ ఉంటే అది పెట్టండి. లేకపోతే ఆ మాడ్యూల్‌ని డీకేఎంఎస్ నుంచి తీసేసి ముందు కెర్నెల్ పని పూర్తి కానివ్వండి.

మూడోది మనం చేతులారా తెచ్చుకునేది: కొత్త పైథాన్ కోసం /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకును మార్చడం. 22.04 తో వచ్చేది పైథాన్ 3.10. చాలా పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులు దాని మీదే నడుస్తాయి. లింకు 3.12 వైపు తిప్పితే ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ దొరకలేదనే ఎర్రర్లు వస్తాయి, గ్నోమ్ టెర్మినల్ కూడా తెరుచుకోకపోవచ్చు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 తో కన్సోల్‌లోకి వెళ్ళి లింకు యథాస్థానంలో పెట్టండి:

సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

పోస్ట్‌ఇన్‌స్ట్ మొదట్లో "ఎగ్జిట్ 0" రాసి మోసం చేయమనే చిట్కా కూడా మీకు కనిపిస్తుంది. తీసేయబోతున్న ప్యాకేజీ ప్రీఆర్ఎం (తీసేసే ముందు నడిచే) స్క్రిప్టు దగ్గర ఇరుక్కుంటే అది సరే. కెర్నెల్ ప్యాకేజీకి మాత్రం ఎన్నడూ చేయకండి. ఇనిట్‌ఆర్‌డీ తయారు కాకుండానే "అంతా బాగుంది" అని నమోదవుతుంది, తర్వాతి రీబూట్‌లో మెషీన్ లేవదు.

మీ కేసులో కరెంటు పోయింది కాబట్టి ఇంకో కోణం కూడా చూడాలి: డేటాబేస్ ఫైళ్ళే సగం రాసి ఉండటం. ఎర్రర్ మాటల్ని బట్టి చికిత్స మారుతుంది.

ఏదో ప్యాకేజీ ఫైళ్ళ జాబితాలో చివరి వరస లేదనో, ఖాళీ పేరు ఉందనో అంటే ఇన్ఫో డైరెక్టరీలోని ఆ ప్యాకేజీ.లిస్ట్ ఫైలు చెడింది. దాన్ని పక్కకు జరిపి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్" తో ఆ ప్యాకేజీని మళ్ళీ పెట్టండి, కొత్త జాబితా వస్తుంది. అప్‌డేట్స్ అనే డైరెక్టరీలో 0014 లాంటి అంకెల పేరున్న ఫైలును చదవలేకపోయానంటే, ఆ అంకెల ఫైళ్ళను మాత్రమే తీసేయండి. ప్యాకేజీ "చాలా చెడ్డ స్థితిలో" ఉందంటే రీఇన్‌స్టాల్ చేయాలి. దాని డెబ్ (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) ఫైలు ఇప్పుడెక్కడా దొరక్కపోతే:

సుడో డీపీకేజీ --రిమూవ్ --ఫోర్స్-రిమూవ్-రీఇన్‌స్ట్‌రెక్ ప్యాకేజీ-పేరు

అన్నిటికన్నా పెద్దది స్టేటస్ ఫైలు చెడటం. ఎర్రరులో వరస సంఖ్య ఉంటుంది. ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఒకటి రెండు వరసల చెత్త అయితే చేత్తో సవరించవచ్చు. ఫైలు సగానికి తెగిపోయినా, సున్నా సైజులో ఉన్నా దాని పక్కనే స్టేటస్-ఓల్డ్ ఉంటుంది. అదీ పాడైతే /వార్/బ్యాకప్స్ లో డీపీకేజీ.స్టేటస్.0 మొదలుకొని రోజువారీ పాత ప్రతులు ఉంటాయి (.1 నుంచి జీజిప్ చేసి). ఒకటి తెచ్చి స్టేటస్ స్థానంలో పెట్టండి. అది కొంచెం పాతది కనుక ఈమధ్య దిగిన వెర్షన్లు దానికి తెలియవు. ఆ తర్వాత మామూలు అప్‌గ్రేడ్ నడిపితే వాటిని మళ్ళీ దించి లెక్క సరిచేసుకుంటుంది.

"మీ దగ్గర హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజీలు ఉన్నాయి" అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" కొడితే తరచుగా ఖాళీగా వస్తుంది. కోరిన వెర్షన్లన్నీ ఒకదానితో ఒకటి పొసగే కలయిక దొరకలేదని మాత్రమే దాని అర్థం. చాలాసార్లు ఏదో పీపీఏ (బయటివాళ్ళు నడిపే ప్యాకేజీల రిపాజిటరీ) ఉబుంటు అధికారిక రిపాజిటరీలో ఉన్నదాని కంటే పెద్ద వెర్షన్ పెట్టి ఉంటుంది. స్టీమ్, వైన్ పెట్టేటప్పుడు ఇది బాగా తగులుతుంది. ఒకే లైబ్రరీ 64 బిట్, 32 బిట్ రెండూ ఉన్నప్పుడు వెర్షన్ చివరి అంకె దాకా ఒకటే కావాలి. పీపీఏ 64 బిట్‌ది మాత్రమే కొత్తగా ఇస్తే 32 బిట్‌ది ఎప్పటికీ దిగదు. "ఆప్ట్ పాలసీ ప్యాకేజీ-పేరు" తో ఆ వెర్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, పీపీఏ-పర్జ్ తో ఆ పీపీఏని తీసేస్తే అధికారిక వెర్షన్లకు దిగుతుంది.

ఆప్ట్ అప్‌డేట్ దగ్గరే ఆగిపోతుంటే కథ వేరు, డీపీకేజీకి సంబంధం లేదు. రిలీజ్ ఫైలు "ఇంకా చెల్లదు" అంటే మీ గడియారం వెనకబడి ఉంది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా ఇలాగే అవుతుంది. హ్యాష్ సరిపోలలేదంటే /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలివన్నీ చెరిపి మళ్ళీ అప్‌డేట్ కొట్టండి. 404 వస్తే, తొమ్మిది నెలలే మద్దతుండే మధ్యంతర విడుదల గడువు దాటిందేమో చూసుకోండి. మీది ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న విడుదల) కనుక అది వర్తించదు.

మెషీన్ అసలు బూట్ కాకపోతే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నెల్ రికవరీ మోడ్ ఎంచుకోండి. అందులో డీపీకేజీ అనే వరస పైన చెప్పిన పనిలో చాలా భాగం తనే చేస్తుంది. అదీ కుదరకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మీ రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ కింద మౌంట్ చేసి, వేరే బూట్, ఈఎఫ్ఐ పార్టిషన్లుంటే వాటినీ వాటి చోట పెట్టి, డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ చేసి సీహెచ్‌రూట్ అవ్వండి (అంటే పెన్‌డ్రైవ్ నుంచి మీ డిస్క్‌లోని ఉబుంటులోకి వెళ్ళడం). రన్ మరిచిపోతే లోపల ఇంటర్నెట్ పేర్లు తెలియవు, ఎందుకంటే ఉబుంటులో రిసాల్వ్.కాన్ఫ్ అసలు ఫైలు రన్ కిందే ఉంటుంది.

ఎర్రర్లన్నీ పోయాక "సుడో డీపీకేజీ --ఆడిట్" ఏమీ చెప్పకుండా తిరిగి రావాలి. కరెంటు పోయిన మెషీన్‌కి అది చాలదు, సగం రాసిన లైబ్రరీలు మౌనంగా మిగిలి ఉండొచ్చు. "సుడో డీపీకేజీ --వెరిఫై" కొట్టండి. సీ గుర్తు ఉన్న వరసలు మీరు మార్చుకున్న కాన్ఫిగరేషన్ ఫైళ్ళు, వాటిని వదిలేయండి. సీ లేకుండా /యూఎస్ఆర్ కింద ఫైలు ఏదైనా కనిపిస్తే "డీపీకేజీ -ఎస్" (ఇక్కడ ఒక్కచోట పెద్ద ఎస్) తో అది ఏ ప్యాకేజీదో కనుక్కుని రీఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత కూడా అప్‌గ్రేడ్‌లో కొన్ని ప్యాకేజీలు "కెప్ట్ బ్యాక్" అని కనిపిస్తే కంగారు పడి మళ్ళీ మొదలుపెట్టకండి. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను విడతలవారీగా వదులుతుంది, మీ వంతు వచ్చాక అవే దిగుతాయి.