బడిలో చేరిన కథకురాలికి

చిరంజీవి అమ్మాయికి, దీవెనలు.

నీ ఉత్తరమూ దానితో పంపిన కథా అందాయి. 16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)గా ఎంపికై, సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గిరిజనుల గూడెంలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరావని తెలిసి సంతోషించాను. ఈ ఉద్యోగం నా రాతను బతకనిస్తుందా, మింగేస్తుందా అని అడిగావు. బడి పుణ్యాన పింఛను తీసుకుంటూ కథలు రాసుకుంటున్నవాణ్ణి కనుక నన్ను అడగడం సబబే. సూటిగా చెబుతున్నాను: మొదటి రెండేళ్లు మింగేస్తుంది, మింగనివ్వు. పాఠం చెప్పడం చేతికి రాకముందే పాఠం చెప్పడం గురించి రాస్తే కథ ఎలా తయారవుతుందో నువ్వు పంపిన కాగితాల్లోనే కనిపిస్తోంది. దాని సంగతికి తరువాత వస్తాను.

టీచరు ఉద్యోగంలో సెలవులెక్కువ కాబట్టి రాసుకోవడానికి బోలెడంత తీరిక దొరుకుతుందని ఎవరో చెప్పారన్నావు. చెప్పినవారు బడిలో పనిచేసి ఉండరు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు పెట్టింది. టీచరుకు మాత్రం వారానికి 45 గంటలని, అందులో పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉంటుందని రాసింది. ఆ సిద్ధమవడంలోనే ఉంది అసలు పనంతా. ఒకటో తరగతి పిల్లచేత అక్షరాలు దిద్దించాలి, మూడో తరగతికి తీసివేతలో పక్క స్థానం నుంచి పది ఎలా తెచ్చుకోవాలో చెప్పాలి, ఐదో తరగతికి పరిసరాల పాఠం నడవాలి. ఈ మూడూ ఒకే గంటలో, ఒకే గదిలో, ఒకే నల్లబల్ల మీద జరగాలి. అరవై మందికి లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం షెడ్యూలు చెబుతున్నా, నీ గూడెంలో నువ్వొక్కదానివే. కనుక ఏ తరగతికి ఏ పని అప్పగించి ఏ తరగతి దగ్గర కూర్చోవాలన్నది ముందురోజు రాత్రే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా వెళ్లిన రోజున పొద్దుటి గంట కొట్టిన అరగంటకే గది నీ చేయి దాటిపోతుంది.

ఇంకొక మాట. ఐదో తరగతి పిల్లకు ఒకటో తరగతిని అప్పగించడం ఇలాంటి బడుల్లో అందరూ చేసే పనే. అప్పుడప్పుడైతే ఇద్దరికీ మంచిది. రోజూ అయితే మాత్రం ఆ పెద్దపిల్ల చదువు నీ కళ్లెదుటే ఆగిపోతుంది. బుద్ధిమంతురాలు కాబట్టి ఆ సంగతి ఆమె నీతో అనదు.

ఇక ఈ వృత్తి తిరిగి ఇచ్చేదేమిటో చెబుతాను. అక్షరాలన్నీ వచ్చిన పిల్లవాడు ‘పలక’ అన్న మాట కింద వేలు పెట్టి ప, ల, క అని మూడు ముక్కలుగా చదివి నీ ముఖంలోకి చూస్తాడు. మళ్లీ చదవమంటే మళ్లీ మూడు ముక్కలే. వారాల తరబడి ఇదే వరస. ‘మ’ను ‘య’ అంటాడు, కొమ్ము దగ్గర సాగదీస్తాడు, కొమ్ము దీర్ఘం దగ్గర తేల్చేస్తాడు, ఒత్తు కనబడితే దాన్ని దాటేసి తరువాతి అక్షరానికి దూకుతాడు. వీడికి రాదేమోనని నువ్వు లోలోపల అనుకోవడం మొదలుపెట్టాక, ఒక పూట నువ్వు నాలుగో తరగతికి లెక్క చెబుతుండగా వెనకనుంచి ఆ మూడు ముక్కలూ ఒక్క మాటగా వినబడతాయి. వాడు నీకు అప్పజెప్పడం లేదు, పక్కవాడికి చూపిస్తున్నాడు. ఆనాటినుంచి బియ్యం సంచి మీది అచ్చు, గోడ మీది టీకాల ప్రకటన, నీ చేతిసంచి మీది దుకాణం పేరు, ఏదీ వదలకుండా చదువుతూ తిరుగుతాడు. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖం ముప్పాతిక వంతు ఇక్కడే ఉందని నా నమ్మకం. సెప్టెంబరు 5న కప్పే శాలువాలో అందులో వందో వంతు కూడా లేదు.

అయితే ఆ సుఖానికి సాక్షులుండరు. ఐదో తరగతి కాగానే వాడు ఆశ్రమ పాఠశాలకు వెళ్లిపోతాడు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే పత్రికలో ఫొటో పడేది ఆ హైస్కూలు వారిది. అదే పిల్లవాడు ఆరో తరగతిలో తడబడితే ‘ప్రైమరీలో ఏం చెప్పారో’ అనే మాట మాత్రం కొండెక్కి నీ దాకా వస్తుంది. అచ్చులో పేరు చూసుకునే అలవాటున్న మనలాంటివాళ్లకు ఇది మింగుడుపడడం కష్టం. పేరు కోసం కథ ఉందిలే అని సరిపెట్టుకో.

మీ గూడెంలో నీ మొదటి చిక్కు భాష. ఇంట్లో సవర తప్ప వినని పిల్లల ముందు తెలుగు వాచకం తెరుస్తున్నావు. ఈ చిక్కుతో నీకంటే వందేళ్లకు పైగా ముందే తలపడిన ఉపాధ్యాయుడు ఒకరున్నారు. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని పట్టుకుని ఆ భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు, అందులో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి నడిపి, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మనం వాడుక భాష ఊసెత్తుతాం గాని ఈ సగం చెప్పుకోం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటానికి కూడా మూలం బడిలోనే ఉంది. పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ దొర తెలుగు బోధన మీద లేవనెత్తిన సందేహాలతోనే అది మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి, తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు. మీ బడి బీరువా అడుగున అవి ఉన్నాయేమో వెతుకు. లేకపోతే వంట చేసే ఆమె దగ్గర కూర్చుని రోజుకు నాలుగు మాటలు రాసుకో. పిల్లలు నీ ఉచ్చారణకు నవ్వుతారు, నవ్వనివ్వు. తప్పు పలికినా కొంప మునగదని వాళ్లకు తెలిసేది అలాగే. రచయిత్రిగా కూడా ఇది నీకు లాభమే. మరో భాష పలుకుబడి చెవిని పడుతున్నకొద్దీ నీ తెలుగులో అరువు వాక్యాలు ఎన్ని ఉన్నాయో నీకే తెలిసివస్తుంది.

బోధనేతర పనుల గురించి పెద్దగా చెప్పను, నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే పనికీ టీచర్లను వాడకూడదని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది గాని, హాజరు ఫొటో, భోజనం లెక్క అంటూ యాప్‌లో ఎక్కించే పనులు ఆ సెక్షన్‌కు దొరకవు. సిగ్నల్ కోసం నువ్వు గట్టెక్కి నిలబడిన పావుగంటలో గదిలో ఐదు తరగతులు ఖాళీగా కూర్చుంటాయి. విసుగు రావడం సహజమే. ఆ విసుగును పిల్లల మీద చూపనంతవరకు నువ్వు మంచి టీచరువే. అన్నింటికీ వేళ ఒకటి పెట్టుకుని, పిల్లలు అన్నాలు తినేటప్పుడు ముగించెయ్యి.

జీతం సంగతి: 2022 వేతన సవరణలో ఎస్జీటీ స్కేలు 32,670 దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు బడిలో నీ ఈడు వాళ్లకు ముట్టేదానితో పోల్చుకుంటే ఇది నిశ్చింతే. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను లేదు కనుక పొదుపు ఇప్పుడే మొదలుపెట్టు. బదిలీల కౌన్సెలింగ్ నాటికి నీకూ మైదానానికి దిగిపోవాలనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఎప్పుడు దిగిపోదామా అని రోజులు లెక్కపెడుతున్న టీచరును పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఇప్పుడు నీ కథ. టీచరమ్మ కొండెక్కి వస్తుంది, పిల్లవాడు ఆకలితో సొమ్మసిల్లుతాడు, ఆమె తన క్యారేజీ విప్పి వాడికి పెడుతుంది, పదిహేనేళ్లకు వాడు కలెక్టరై వచ్చి ఆమె కాళ్లకు దణ్ణం పెడతాడు. అమ్మాయీ, ఆ బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆమె ఏమైపోయింది? ఆ పిల్లవాడి అమ్మానాన్నలు కథ మొత్తంలో ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడలేదు? ఇంతకీ వాడికి చదవడం ఎప్పుడు, ఎలా వచ్చింది? నీ కథలో టీచరు గొప్పతనం కోసం మిగతా గూడెమంతా మూగబోయింది. నువ్వింకా ఆ గదిలో తగినన్నాళ్లు కూర్చోలేదు గనుక ఇలా జరిగింది, దిగులుపడకు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో హాజరు పట్టీ ఎలా పలచబడుతుందో ఒక వేసవి చూడు; కూలిడబ్బులకూ చదువుకూ మధ్య ఒక తల్లి ఎలా లెక్కవేసుకుంటుందో అడగకుండా విను. కలెక్టరు కాని పిల్లల గురించి రాయి. ఎక్కువమంది వాళ్లే.

కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ పాఠశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. రాసిన కథలు చూస్తే తక్కువే. మధ్యలో చాలా ఏళ్లు రాయనే లేదు. అయినా తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆయనను దాటి వెళ్లలేరు. 1997లో ఆయన శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి పాలకొండ మీదుగా బస్సులో వెళ్లి రావచ్చు. ఒక ఆదివారం వెళ్లు. అన్ని వేల కథల మధ్య కూర్చున్నాక, ఈ నెలలో ఒక కథ తక్కువైతే లోకానికి వచ్చే నష్టమేమీ లేదని తెలిసి మనసు కుదుటపడుతుంది.

పిల్లల పేర్లు, వాళ్ల ఇళ్ల గుట్లు ఉన్నవి ఉన్నట్టుగా కథల్లో పెట్టకు. ఈ విషయంలో టీచరైన రచయితకు మిగతావాళ్లకు లేని బాధ్యత ఒకటుంది: నువ్వు చదవడం నేర్పిన పిల్లలే రేపు నీ కథ చదువుతారు. తన తండ్రి తాగుడు గురించి టీచరమ్మ రాసిన కథ పదో తరగతిలో కంటబడితే ఆ పిల్ల నీ గురించి ఏమనుకుంటుందో రాసేముందే ఆలోచించు. చిన్న నోటుబుక్కు ఒకటి ఉంచుకుని, చూసింది చూసినట్టు అందులో రాసి పక్కన పెట్టు. ఏప్రిల్ చివర్లో బడి మూశాక జూన్ 12 వరకు సమయం నీదే, అప్పుడు తెరువు.

కథను తిరగరాసేటప్పుడు చివరి రెండు పేజీలు తీసేసి, వంట చేసే ఆమెను లోపలికి రానివ్వు. తొందరేమీ లేదు, వేసవి సెలవుల తరువాత పంపినా చాలు. ఈసారి పేజీలకు అంకెలు వెయ్యి, కుట్టు ఊడి రెండుసార్లు కలిసిపోయాయి.

ఇట్లు,
మీ మాస్టారు