బిళ్ళ ఒకటే, ఫ్రీక్వెన్సీలు రెండు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో రూము తీసుకుని ఎంటెక్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం స్థూపాకారపు డైఎలక్ట్రిక్ రెజొనేటర్‌ని (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మైక్రోవేవ్ తరంగాన్ని తనలో నిలిపి ఉంచే సిరామిక్ బిళ్ళ) సిమ్యులేట్ చేస్తున్నా. సిరామిక్ బిళ్ళ వ్యాసం 10.5 మి.మీ., ఎత్తు 4.6 మి.మీ., పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 38. రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ ఫార్ములాలో వేస్తే 3.01 గిగాహెర్ట్జ్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో మెటల్ పెట్టెలో ఉంచి రన్ చేస్తే మొదటి ఆరు మోడ్‌ల (క్షేత్రం లోపల ఊగే ఒక్కో తీరు) ఫ్రీక్వెన్సీ దాదాపు సున్నా, ఏడోది 5 గిగాహెర్ట్జ్‌కి కాస్త పైన. పెట్టె మూత బిళ్ళకి 4 మి.మీ. ఎత్తులో ఉంది. మెష్ (లెక్క కోసం ఆకారాన్ని విడగొట్టే చిన్న ముక్కలు) సన్నగా చేస్తే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది. సోమవారం రివ్యూ, ఒకటే టెన్షన్. దేన్ని నమ్మాలి అన్నా?

జవాబు: సాఫ్ట్‌వేర్‌నే నమ్ము తమ్ముడూ. నీ 3.01 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దామని నేనూ కాగితం తీసి లెక్క వేశాను. 34ని వ్యాసార్ధంతోనూ పర్మిటివిటీ వర్గమూలంతోనూ భాగించి, వ్యాసార్ధాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చినదానికి 3.45 కలిపి, ఆ రెండింటినీ గుణించాలి, అంతేగా ఫార్ములా! నువ్వు 5.25 వెయ్యాల్సిన చోట 10.5 వేశావు. సరిగ్గా వేస్తే 4.82 వస్తుంది. సరిగ్గా ఈ కొలతల బిళ్ళకే, చుట్టూ ఏమీ లేకుండా, 1984లో పరిశోధకుడు కాయ్‌ఫెజ్ బృందం కంప్యూటర్‌తో లెక్కగట్టిన విలువ 4.829. చేతిలెక్క అంత దగ్గరగా వచ్చిందంటే ముచ్చటేస్తుంది.

మరి నీకు 5 ఎందుకు దాటిందంటే, ఆ మూత వల్ల. మనం లెక్కగట్టిన మోడ్‌లో (దాని పేరు టీఈ01డెల్టా) విద్యుత్ క్షేత్రం తిరగలి రాయిలా ఇరుసు చుట్టూ తిరుగుతుంది, ఇరుసు దగ్గర సున్నా. అయస్కాంత క్షేత్రం మాత్రం బిళ్ళ పైనుంచి బయటికొచ్చి చుట్టూ తిరిగి కిందనుంచి లోపలికి వెళ్తుంది, దాని దారిలో మెటల్ అడ్డం పెడితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. విజయవాడలో మా డాబా మీద పడున్న పాత డిష్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే డబ్బా) విప్పితే లోపల ఇలాంటి బిళ్ళే, దాని నెత్తిన ఒక స్క్రూ. ట్యూనింగ్ అంతా ఆ స్క్రూదే.

ఆ ఆరు సున్నాలు చూసి భయపడకు. కర్ల్ (క్షేత్రం సుడి తిరిగే కొలత) సున్నా అయ్యే క్షేత్రాలు కూడా, సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర, సాఫ్ట్‌వేర్ సాధించే సమీకరణానికి సమాధానాలే, కాబట్టి సాల్వర్ (సమీకరణాన్ని సాధించే భాగం) వాటినీ తెచ్చి నీ ముందు పోస్తుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర్నుంచి వెతకమని చెప్పు. వచ్చిన ప్రతి మోడ్‌కీ ఫీల్డు బొమ్మ తెరిచి చూడు, లిస్టులో వరస నంబరు చూసి మాత్రం పేరు పెట్టకు, పెట్టె తాలూకు సొంత మోడ్‌లు కూడా మధ్యలో దూరతాయి.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. 4.83 దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 62 మి.మీ., సిరామిక్ లోపల మాత్రం 10. అంటే సన్నటి మెష్ బిళ్ళలోనూ దాని అంచుల దగ్గరా చాలు, దాదాపు 1 మి.మీ., పెట్టె మొత్తానికీ అదే వేస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా చచ్చిపోతుంది. అసలు 3డీ ఎందుకు? పెట్టె కూడా గుండ్రంగా, బిళ్ళతో ఒకే ఇరుసు మీద ఉంటే కోణంతో మార్పు లేని మోడ్ ఇది, నిలువుగా కోసిన సగం ముక్క 2డీలో వేస్తే నిమిషాల్లో అయిపోతుంది. ఇదే బిళ్ళకి 6.333 దగ్గర వచ్చే ఇంకో మోడ్, హెచ్‌ఈఎమ్11, అలా కాదు, దానికి కోణంతో ఒక చుట్టు మార్పు ఉంటుంది, సెట్టింగులో 0 బదులు 1 ఇవ్వాలి. యాంటెన్నా వాళ్ళు ఎక్కువగా వాడేది అదే. మీ గైడ్‌కి ఈ రెంటిలో ఏది కావాలో సోమవారం లోపే కనుక్కో.