చేతులు వణికితే చిన్నమెదడు కణాలు చనిపోతున్నట్టేనా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. నాలుగైదేళ్లుగా టీ గ్లాసు పట్టుకున్నా, సంతకం పెట్టబోయినా రెండు చేతులూ వణుకుతున్నాయి. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు. మొన్న బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కిచ్చారు. మా నాన్నగారికీ ఇలాగే ఉండేది. ఎంఆర్ఐ రిపోర్టులో చిన్నమెదడు కొద్దిగా కుంచించుకుపోయిందని రాశారు. ఇలాంటి వణుకులో చిన్నమెదడు కణాలు చనిపోతాయని నెట్‌లో చదివినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది పార్కిన్సన్సా? మంచాన పడతానా? మా అబ్బాయికి 34 ఏళ్లు, వాడి చేతులూ కాస్త వణుకుతున్నాయి. జీన్ టెస్ట్ చేయించాలా?
– ఒక పాఠకుడు, జనగామ

డాక్టర్ సలహా: మాస్టారూ, మీరు రాసింది చదివితే ఇది పార్కిన్సన్స్‌లా లేదు. ఎసెన్షియల్ ట్రెమర్ (పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు) కావడానికే ఎక్కువ అవకాశం. చేత్తో ఏదైనా పని చేసేటప్పుడు మాత్రమే వణుకు రావడం, రెండు చేతులకీ ఉండడం, తండ్రికీ ఉండడం – మూడూ దాన్నే సూచిస్తున్నాయి. పార్కిన్సన్స్‌లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే వణుకు ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. నడక, పనులు నెమ్మదిస్తాయి, చేతిరాత చిన్నదైపోతుంది. మీ రకం వణుకులో అక్షరాలు పెద్దగా, వంకర్లు పోతూ ఉంటాయి. చెయ్యి బల్లకి ఆనించకుండా తెల్ల కాగితం మీద లోపలి నుంచి బయటికి గుండ్రంగా చుట్టలు గీసి, న్యూరాలజిస్టుకి చూపించండి. చాలాసార్లు స్కాన్ కంటే ఆ కాగితమే మాకు ఎక్కువ చెబుతుంది.

ఇక మీ నిద్ర చెడగొట్టిన విషయం. తల వెనక భాగంలో కింద ఉండే చిన్నమెదడు, పరిమాణంలో మొత్తం మెదడులో పదో వంతే. కానీ మన నాడీకణాల్లో దాదాపు 80 శాతం అక్కడే ఉన్నాయి. వాటిలో పెద్దవి పర్కింజీ కణాలు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 1837లో వీటిని వర్ణించారు. గ్లాసు నోటి దాకా తేవాలంటే చెయ్యి ఎంత వేగంతో కదలాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్క చిన్నమెదడుది. ఆ లెక్కను దాని పైపొర నుంచి బయటికి పంపేది పర్కింజీ కణాలే. అదీ కదలికను అదుపు చేసే సంకేతంగా పంపుతాయి. ఆ సంకేతం బలహీనపడితే కదలిక అదుపు తప్పుతుంది.

ఎసెన్షియల్ ట్రెమర్ ఉండి మరణించినవారి మెదళ్లను అమెరికాలో ఎలాన్ లూయిస్ బృందం పరీక్షించింది. వాటిలో చాలావాటిలో పర్కింజీ కణాలు తగ్గాయని, మిగిలిన కణాల నుంచి సంకేతాలు మోసే తీగలు ఉబ్బి ఉన్నాయని 2007లో ప్రకటించింది. మీరు చదివింది బహుశా దీని గురించే. అయితే తర్వాత వేరే ల్యాబుల్లో లెక్కపెట్టినవాళ్లలో కొందరికి అలాంటి తగ్గుదల కనబడలేదు. కణాలు చనిపోవడం కన్నా వాటికి వచ్చే సంకేతాల తీరు మారడమే అసలు కారణమేమోనని 2020లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. అంటే ఈ చర్చ ఇంకా తేలలేదు. కాబట్టి నెట్‌లో చదివిన ఆ ఒక్క వాక్యాన్ని మీ మీద తీర్పులా తీసుకోకండి. ఈ వయసులో చిన్నమెదడు కొద్దిగా కుంచించుకోవడం ఏ ఇబ్బందీ లేనివాళ్ల స్కాన్లలోనూ కనిపిస్తుంది.

పర్కింజీ కణాలు నిజంగానే పోయే జబ్బులు వేరే ఉన్నాయి. నడక, కదలికలు అదుపు తప్పే స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా అనే వంశపారంపర్య జబ్బులు అలాంటివే. వాటిలో 12వ రకం మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది అగర్వాల్ కుటుంబాల్లో కనిపిస్తుంది. అది చేతి వణుకుతోనే మొదలవుతుంది కాబట్టి ఎసెన్షియల్ ట్రెమర్ అని పొరబడే వీలుంది. ఏళ్ల తరబడి మద్యం తాగినా, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ మోతాదు మించినా ఈ కణాలు దెబ్బతింటాయి. తీవ్రమైన వడదెబ్బ కూడా అంతే. పర్కింజీ కణాలు వేడిని అసలు తట్టుకోలేవు. వడదెబ్బ నుంచి ప్రాణాలతో బయటపడినా మాట ముద్దగా, నడక తూలుతూ మిగిలిపోయేవాళ్లు ఉన్నారు. మన ఎండల్లో పని చేసేవాళ్ల గురించి నాకు ఈ బాధ ప్రతి వేసవిలోనూ ఉంటుంది.

మీకు తాగకుండానే నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వస్తువు అందుకోబోతే చెయ్యి పక్కకి పోయినా, ఆగకుండా న్యూరాలజిస్టుని కలవండి. ఇవేవీ లేకపోతే, మంచాన పడతానన్న భయం పెట్టుకోవద్దు. ఎసెన్షియల్ ట్రెమర్ ఏళ్ల మీద నెమ్మదిగా పెరుగుతుంది. కొందరికి తల, గొంతు కూడా వణకొచ్చు. కొద్దిమందిలో తర్వాత పార్కిన్సన్స్ కూడా కనబడుతుంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది.

మందులు ఉన్నాయి. ప్రొప్రనలాల్ గానీ ప్రిమిడోన్ గానీ వాడితే సగానికి సగం మందికి వణుకు బాగానే తగ్గుతుంది. ఉబ్బసం ఉంటే, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంటే ప్రొప్రనలాల్ వద్దు. దాన్ని ఒక్కసారిగా మానేయకూడదు కూడా. మందులతో లొంగకపోతే మెదడు లోపల ఉండే థాలమస్ అనే భాగానికి ఎలక్ట్రోడ్ అమర్చే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ ఉంది, హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: రెండు పెగ్గులు వేసుకుంటే ఈ వణుకు కాసేపు తగ్గే మాట నిజమే. అదే వైద్యం అనుకుని తాగుడు అలవాటు చేసుకున్నవాళ్లు చిన్నమెదడుని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. ఆ దారికి వెళ్లకండి. బ్యాంకులో మాత్రం ఇప్పుడు పెట్టగలిగిన సంతకాన్నే కొత్త నమూనాగా ఇవ్వండి.

మీ అబ్బాయికి ఇప్పుడే జీన్ టెస్ట్ అక్కర్లేదు. ఎసెన్షియల్ ట్రెమర్‌ని తేల్చే జీన్ టెస్ట్ అంటూ లేదు. వంశంలో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం సగం దాకా ఉండొచ్చు. ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. వణుకు తెచ్చే ఉబ్బసం ఇన్హేలర్, వాల్‌ప్రోయేట్ (మూర్ఛ మందు), లిథియం (మానసిక సమస్యలకిచ్చే మందు) లాంటివి వాడుతున్నాడేమో చూడండి. నలభై లోపు వయసులో వణుకు వస్తే శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బు లేదని కూడా తేల్చుకోవాలి. దానికి రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్) పరీక్ష, కళ్ల డాక్టరు దగ్గర కంటిని దగ్గరగా చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష చేస్తారు. అది తొందరగా బయటపడితే మందులతో అదుపులో ఉంటుంది, అందుకే అబ్బాయి పరీక్షల్ని వాయిదా వేయకండి.