కాలి బైపాస్‌కి సొంత సిర తీసేస్తే ఎలా?

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. బొటనవేలి పుండు మానడం లేదు. తొడలో ధమని మూసుకుపోయిందని, కాలి సిరతోనే బైపాస్ చేస్తామన్నారు. సిర తీసేస్తే కాలికి ఇంకో ఇబ్బంది రాదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకమ్మా. చర్మం కింద ఉండే ఆ సిర లేకపోయినా, లోపలి పెద్ద సిరలు రక్తాన్ని పైకి చేరుస్తాయి. కొన్నాళ్లు కాలు వాయవచ్చు. 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్ అనే సర్జన్ ఇలా కాలికి సిర బైపాస్ చేశారు. మోకాలి కిందికి వేసేటప్పుడు ఇప్పటికీ కృత్రిమ గొట్టం కన్నా సొంత సిరే ఎక్కువ కాలం నిలుస్తుంది. సిరలోని కవాటాలు రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయి కాబట్టి రక్తం పాదం వైపు పారేలా దాన్ని తలకిందులు చేసి కుడతాం, లేదా కవాటాలను కోసేస్తాం. రక్తాన్ని ఆపి ఉంచిన క్లాంపు (పట్టుకర్ర) తీశాక చల్లటి పాదం మెల్లగా వెచ్చబడుతుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా మనసు నిండిపోతుంది.

నా బెంగంతా ఆ తర్వాతి రోజుల గురించే. మొదటి రెండేళ్లలో ఆ సిర నొప్పి తెలియకుండానే ఇరుకైపోవచ్చు. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్లు మానొద్దు, మాత్రలు ఆపొద్దు. నాన్నగారు సిగరెట్ తాగుతారో లేదో రాయలేదు. తాగుతుంటే ఈరోజే మాన్పించు. కాలు ఉన్నట్టుండి చల్లబడితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.