ఫెస్టివల్ డ్యూటీలకే వెళ్లొచ్చా? ముందు డ్యూటీ స్లిప్ చూద్దాం

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ సొంత ఎల్లో బోర్డు ఎర్టిగా సీఎన్‌జీ నడుపుకుంటున్నాను. 2025 మార్చిలో బెంగళూరు అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఒక ట్రావెల్స్ ద్వారా ఎనిమిది రోజులు డ్యూటీ చేశాను, రోజుకు 3,200. యాప్‌లో రోజుకు 2,500 దాటడం కష్టం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా మొత్తం సంపాదన 9,84,000 తేలింది. కానీ మార్చి 31న బ్యాంకులో ఉన్నది 14,340. రెండుసార్లు ఈఎంఐ బౌన్స్ అయింది. డబ్బంతా ఎక్కడికి పోయింది? యాప్‌లు మానేసి ఫెస్టివల్, కాన్ఫరెన్స్ డ్యూటీలకే వెళ్లొచ్చా? రెండో కారు కొని డ్రైవర్‌ను పెడితే లాభమేనా? నా లెక్కల పుస్తకం ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: డబ్బు ఎక్కడికీ పోలేదండీ. మీ పుస్తకంలోనే ఉంది. రాసినవన్నీ సరిగ్గానే రాశారు, ఒకచోట కూడలేదు అంతే.

రెండు యాప్‌లలో కలిపి 6,10,000, ఫెస్టివల్, కాన్ఫరెన్స్, పెళ్లి డ్యూటీలు 2,46,000, తిరుపతి, మంత్రాలయం లాంటి ఔట్‌స్టేషన్ ట్రిప్పులు 1,28,000. మొత్తం 9,84,000 సరిపోయింది. ఖర్చుల వైపు 52,000 కి.మీ.కి ఇంధనం 2,39,000, ఈఎంఐ నెలకు 19,400 చొప్పున 2,32,800, ఇన్సూరెన్స్ 48,000, టోల్, పార్కింగ్ 41,000, సర్వీసు, రిపేర్లు 58,000, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, చలాన్లు 22,000. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 3,43,200. ఇంటికి నెలకు 24,000 చొప్పున 2,88,000 ఇచ్చారు. మిగలాల్సింది 55,200. అందులో ట్రావెల్స్ వాళ్లు టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసే పన్ను) కింద 2,460 పట్టుకున్నారు. టీడీఎస్ పోను వాళ్ల దగ్గర మార్చి 31 నాటికి మీకు రావలసిన బాకీ 38,400. ఈ రెండూ తీసేయండి, సరిగ్గా 14,340 వస్తుంది.

అంటే మీరు మిగిల్చిన దాంట్లో మూడింట రెండు వంతులకు పైగా వేరేవాళ్ల చేతిలో ఉంది. బ్యాంకులో లేని డబ్బును చూసుకుని ఈఎంఐ తేదీకి ధీమాగా ఉన్నారు, అందుకే బౌన్స్ అయింది. బౌన్స్ అయిన ప్రతిసారీ బ్యాంకు ఒక ఛార్జీ, లోన్ ఇచ్చిన కంపెనీ మరో ఛార్జీ వేస్తాయి. అంతకన్నా పెద్ద నష్టం, అది సిబిల్ రిపోర్టులోకి ఎక్కడం.

ఇక ఫెస్టివల్ సంగతి. 3,200 పెద్దదా, 2,500 పెద్దదా అని చూస్తే జవాబు తప్పుగా వస్తుంది. మీ డ్యూటీ స్లిప్పుల (రోజూ కి.మీ., టైము రాసి సంతకం చేయించే కాగితాల) ప్రకారం ఆ ఎనిమిది రోజుల్లో సగటున రోజుకు 170 కి.మీ. తిరిగారు, 15 గంటలు రోడ్డు మీదే ఉన్నారు. తెల్లవారుజామున కె.ఆర్.పురం నుంచి హోటల్‌కు, అక్కడి నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి, మళ్లీ రాజాజీనగర్ ఓరియన్ మాల్‌కు, చివరి షో వదిలాక అతిథిని హోటల్లో దించి ఇంటికి. సీఎన్‌జీ మీద నడిస్తే మీకు కి.మీ.కి 4.60 పడుతోంది. కానీ అతిథిని కార్లో పెట్టుకుని గ్యాస్ క్యూలో నిలబడలేరు కదా, సగం దూరం పెట్రోల్ మీదే పోయింది. పెట్రోల్ మీద 7.30 పడుతుంది. 85 కి.మీ.కి 391, మిగతా 85 కి.మీ.కి 620, కలిపి 1,011. టైర్లు, సర్వీసు, క్లచ్, బ్రేకుల అరుగుదల కి.మీ.కి 1.40 చొప్పున 238. రసీదు లేక తిరిగిరాని టోల్, పార్కింగ్ 120. చేతిలో మిగిలింది 1,831, గంటకు 122 రూపాయలు.

యాప్ రోజు: 140 కి.మీ., 11 గంటలు, 2,500 రాబడి. సీఎన్‌జీ 644, అరుగుదల 196, టోల్, పార్కింగ్ 60. మిగిలేది 1,600. గంటకు 145.

ఫెస్టివల్‌లో ఎక్కువ వచ్చినట్టు కనిపించింది మీరు ఎక్కువ గంటలు పనిచేసినందుకే. గంటల లెక్కన యాప్‌కన్నా తక్కువే వచ్చింది. ఫెస్టివల్ డ్యూటీ అంటేనే నష్టమని దీనర్థం కాదు, మీరు ఒప్పుకున్న పద్ధతిలో నష్టం ఉంది. 'రోజుకు ఇంత' అని లంప్‌సమ్ ఒప్పుకుని, కి.మీ. హద్దు గానీ గంటల హద్దు గానీ పెట్టలేదు. అదే ట్రావెల్స్ మామూలు రోజుల్లో మీకు ఇచ్చే రేటు మీ పుస్తకంలోనే ఉంది: 8 గంటలు 80 కి.మీ.కి 2,000, ఎక్స్‌ట్రా కి.మీ.కి 15, ఎక్స్‌ట్రా గంటకు 150. ఆ రేటుకే ఈ డ్యూటీ చేసి ఉంటే 2,000కు తోడు 90 కి.మీ.కి 1,350, 7 గంటలకు 1,050, రోజుకు 4,400 వచ్చేది. ఎనిమిది రోజులకు తేడా 9,600. ఇది దాదాపు సగం ఈఎంఐ.

వచ్చేసారి పిలిచినప్పుడు మొదట అడగాల్సింది రేటు కాదు, 'నా కారు దేనికి' అన్నది. జ్యూరీ సభ్యుడికి కేటాయించిన కారు పొద్దంతా పార్కింగ్‌లోనే ఉంటుంది, గంటలు ఎక్కువ, కి.మీ. తక్కువ. ఎయిర్‌పోర్ట్ పికప్ కారు రోజుకు 200 దాకా తిరుగుతుంది, పైగా ఫ్లయిట్ లేటయితే ఆ నిరీక్షణ అంతా మీదే. లంప్‌సమ్ అయితే జ్యూరీ కారు అడగండి. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ అయితే ప్యాకేజీ, ఎక్స్‌ట్రాల పద్ధతికి తప్ప ఒప్పుకోకండి. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీలో ఉన్న కారుకు ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఎలాగూ ఇబ్బందే, ఇద్దరు అతిథుల పెద్ద సూట్‌కేసులకే వెనక సీటు మడవాల్సి వస్తుంది. కి.మీ. గ్యారేజ్ నుంచి గ్యారేజ్ దాకా లెక్కిస్తారా, రిపోర్టింగ్ పాయింట్ నుంచా అన్నది కూడా వాట్సాప్‌లో రాయించుకోండి. కె.ఆర్.పురం నుంచి వచ్చే మీకు రోజూ నలభై కి.మీ. పైచిలుకు తేడా అక్కడే ఉంది.

స్లిప్ విషయంలో ఫెస్టివల్‌కు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఒకే రోజు నలుగురైదుగురు అతిథులు మారతారు, విదేశీ దర్శకుడు దిగి వెళ్లిపోతాడు, సంతకం ఎవరు పెట్టాలో తెలియదు. సంతకం లేని స్లిప్పే బిల్లు ఆగిపోవడానికి మొదటి సాకు. అందుకని అతిథి పేరున కాకుండా రోజుకు, కారుకు ఒక స్లిప్ పెట్టుకోండి. ఓపెనింగ్, క్లోజింగ్ రీడింగులు, బయల్దేరిన టైము, చేరిన టైము రాసి, రాత్రి ఇంటికి బయల్దేరేముందు ట్రాన్స్‌పోర్ట్ కోఆర్డినేటర్ చేత సంతకం చేయించండి. ఇంటికి చేరాక క్లోజింగ్ మీటరు ఫొటో తీసి, అదే రాత్రి ట్రావెల్స్ నంబర్‌కు పంపండి. టోల్‌కు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చాలు. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ కాగితం మాత్రం పోగొట్టుకుంటే మళ్లీ రాదు.

బాకీ వసూలు గురించి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఆధార్, పాన్ చాలు. ఎవరైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి. సూక్ష్మ సంస్థగా నమోదయ్యాక చేసిన డ్యూటీలకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ. ఒక డ్రైవరు ట్రావెల్స్ మీద ఎంఎస్ఎంఈ బాకీల ఫిర్యాదు పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే మరుసటి డ్యూటీ రాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అసలు ఒత్తిడి వేరేచోట ఉంది. గడువు దాటి చెల్లించిన మొత్తాన్ని బిల్లు వచ్చిన సంవత్సరం ఖర్చుగా చూపుకునే వీలు వాళ్లకు ఉండదు, చెల్లించిన సంవత్సరంలోనే చూపాలి. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబర్ కనిపిస్తే మార్చి నెలాఖరుకు వాళ్ల ఆడిటరే గుర్తు చేస్తాడు. దీంతోపాటు మీకు మీరు ఒక హద్దు పెట్టుకోండి: ఒకే ట్రావెల్స్ దగ్గర బాకీ రెండు ఈఎంఐలు, అంటే 38,800 దాటితే పాతది కట్టేదాకా కొత్త డ్యూటీ వద్దు. ఇప్పుడు మీరు ఆ అంచునే ఉన్నారు.

యాప్‌లు పూర్తిగా మానేయడం గురించి నా మాట: వద్దు. ఫెస్టివల్ రాబడి 25,600, మీ ఏడాది మొత్తంలో నూటికి రెండున్నర పైచిలుకు. 2024లో ఈ ఫెస్టివల్ ఫిబ్రవరి 29 నుంచి మార్చి 7 దాకా, 2025లో మార్చి 1 నుంచి 8 దాకా జరిగింది. ఏడాదికి ఎనిమిది రోజులు, అంతే. మీ పుస్తకంలో ఫిబ్రవరి చాలా బాగా కనిపించడానికి కారణం యెలహంకలో జరిగిన ఏరో ఇండియా విమాన ప్రదర్శన. అది రెండేళ్లకోసారి వస్తుంది. 2025లో జరిగింది కాబట్టి ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిని దాంతో అంచనా వేయకూడదు. నవంబర్‌లో టెక్ సమ్మిట్, డిసెంబర్‌లో సాహిత్య ఉత్సవం పోగా, జూన్ నుంచి ఆగస్టు దాకా మీ ఈవెంట్ డ్యూటీలు దాదాపు ఖాళీ. ఆ మూడు నెలలు ఈఎంఐ కట్టింది యాప్‌లే. నవంబర్‌లో గోవా, డిసెంబర్‌లో చెన్నై ఫెస్టివల్స్‌కు కారు తీసుకెళ్తే ఎలా ఉంటుందని కూడా ఒక మూల రాశారు. గోవాలో బయటి టాక్సీలంటే అక్కడి డ్రైవర్లకు గిట్టదు. చెన్నైలో బస ఖర్చు, ఖాళీగా తిరిగొచ్చే దూరం కలిపితే మిగలదు.

రెండో కారు ఇప్పుడు వద్దే వద్దు. ఈఎంఐ 19,400, డ్రైవర్ జీతం 20,000, ఇన్సూరెన్స్ నెలకు 4,000, ఎఫ్‌సీ, పర్మిట్ 1,800. నెలకు 45,200, 26 రోజులకు భాగిస్తే రోజుకు 1,738. ఇంధనం, అరుగుదల, టోల్ పోను యాప్ రోజున కారు తెచ్చేది 1,600. కదిలిన ప్రతిరోజూ 138 మీ జేబు నుంచి వేయాలి. అదీ డ్రైవర్ మీ అంత జాగ్రత్తగా, మీ అన్ని గంటలు నడిపితే.

దానికి బదులు ఈ ఏడాది రెండు పనులు చేయండి. వేరే బ్యాంకులో కారు పేరున ఒక ఖాతా తెరిచి, నడిపిన ప్రతిరోజూ 460 అందులో వేయండి. నెలకు 4,300 కి.మీ. పైగా తిరిగే కారుకు అరుగుదల 6,000, ఇన్సూరెన్స్ 4,000, ఎఫ్‌సీ, పర్మిట్ 1,800, మొత్తం 11,800. నెలకు 26 రోజులు వేస్తే సరిపోతుంది. పోయిన ఏడాది రిపేర్లకు 58,000 మాత్రమే అయిందని మురిసిపోకండి, నాలుగు టైర్లూ క్లచ్ ప్లేటూ ఈ ఏడాది ఖాతాలోకి వస్తున్నాయి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (ఒత్తిడి తట్టుకుంటుందా అన్న పరీక్ష) ఉంటుంది, తేదీ ప్లేటు మీద చూసుకోండి. రెండో పని, బాకీలు వసూలైనప్పుడల్లా ఆ డబ్బును ఇంటి ఖర్చులో కలపకుండా మూడు ఈఎంఐలు, అంటే 58,200 పోగయ్యేదాకా ఫ్లెక్సీ డిపాజిట్‌లో ఉంచండి. ఊళ్లో చిట్టీ వేద్దామనుకుంటున్నారు, ఈ డబ్బు దానికి కాదు. ఈఎంఐ తేదీ నాటికి చిట్టీ పాట మీకు అనుకూలంగా రావాలని ఎక్కడా లేదు.

చివరిగా ఆదాయపన్ను రిటర్న్. టీడీఎస్ 2,460 వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. వేసేముందు మీ పేరున కోసిన టీడీఎస్ అంతా కనిపించే ఫారం 26ఏఎస్ తెరిచి ట్రావెల్స్ కోసిన మొత్తం 194సి (కాంట్రాక్టు పనుల సెక్షన్) కింద పడిందా చూడండి. కొందరు పొరపాటున 194జె (వృత్తి నిపుణుల ఫీజుల సెక్షన్) కింద పది శాతం కోస్తారు, అలా పడితే వాళ్ల చేతే సరిచేయించాలి. ఫెస్టివల్ మార్చిలో, డబ్బు ఆ తర్వాత కాబట్టి ఇంకో చిక్కు ఉంది. వాళ్లు మార్చిలోనే బిల్లు ఖాతాకు ఎక్కించి టీడీఎస్ కోస్తే 26ఏఎస్‌లో 2024-25లోనే కనిపిస్తుంది. ఆ ఆదాయాన్ని కూడా అదే ఏడాది చూపండి, లేకపోతే రిఫండ్ ఆగుతుంది.

మీ మిత్రుడు చెప్పిన 44ఏఈ (అంచనా లాభం మీద పన్ను లెక్కగట్టే సెక్షన్) సరుకు లారీలకు, టాక్సీలకు కాదు. 2024-25కు మీకు వర్తించేది అలాంటిదే అయిన 44ఏడీ, ఫారం ఐటీఆర్-4. బ్యాంకు ద్వారా వచ్చిన రాబడికి కనీసం 6 శాతం, నగదుకు 8 శాతం లాభం చూపాలి. ఆరు శాతమే చూపించి 59,040తో సరిపెడదామని సలహా ఇస్తారు. అలా చేయకండి. మీకు నిజంగా మిగిలింది మూడున్నర లక్షల దాకా ఉంది, అదే చూపండి. కొత్త పన్ను విధానంలో 2024-25కు 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా, ఏప్రిల్ 2025 నుంచి ఆ హద్దు 12 లక్షలు. రేపు ఈ లోన్ తీరాక మంచి వడ్డీకి మరో కారు కావాలంటే బ్యాంకు అడిగేది ఈ రిటర్న్‌లే, 59,040 ఆదాయం మీద ఎవరూ పన్నెండు లక్షలు ఇవ్వరు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ మీకు లేదు.

ఇప్పటికి బాకీ 38,400లో ఫెస్టివల్‌ది 25,344. ఆ ఎనిమిది స్లిప్పుల ఫొటోలు, బిల్లు కాపీ ఒకే పీడీఎఫ్‌గా చేసి ఈ వారమే ట్రావెల్స్ మెయిల్‌కు పంపండి. డబ్బు వచ్చిన రోజే అందులో 19,400 వచ్చే ఈఎంఐకి పక్కన పెట్టండి.